పడమటి వాగు చేపలు

జాడీలో స్పిరిట్ తగ్గితే చేప ఎండుతుంది. చేప ఎండితే తప్పు జాడీలమ్మది. మూత వదులుగా బిగించి పోయినవాళ్ళది కాదు, కిటికీ రెక్క ఊడి రెండేళ్ళయినా పట్టించుకోని ఆఫీసుది అసలే కాదు. అందుకని ప్రతి సోమవారం పొద్దున్నే ఆమె ముక్కుకి గుడ్డ కట్టుకుని, స్టూలు ఈడ్చుకుంటూ వెళ్ళి, మొదటి అల్మారా దగ్గర మొదలుపెడుతుంది. మూడువేల పైచిలుకు జాడీలు. ఒక్కొక్కటే తీసి వెలుతురుకి ఎత్తి చూడాలి. స్పిరిట్ గీత కిందికి దిగితే గరాటు పెట్టి పోయాలి. మూత చుట్టూ తుడిచి, తీసినచోటే పెట్టాలి. ఆమె ఉండే ద్వీపంలోని మంచినీళ్ళలో బతికే చేప ఏదైనా సరే, ఆ గదిలో ఓ జాడీలో ఉండి తీరుతుంది. ఇరవై ఆరేళ్ళుగా వాటి మధ్యే తిరుగుతున్న మనిషికి అసలు పేరు ఒకటుందని జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంకో మూడు నెలల్లో రిటైరైతే అతనూ మరిచిపోతాడు.

ఆ సోమవారం ఆమె నాలుగో అల్మారా దగ్గర ఉండగా పెద్దసారు తలుపులోంచి తల లోపలికి పెట్టారు. ఆ జంతు పరిశోధన సంస్థలో చేపల విభాగానికి పెద్ద ఆయన. మామూలుగా మొహం చూస్తే పాలు విరిగిపోతాయి. ఆవేళ మాత్రం పళ్ళు కనిపిస్తున్నాయి.

"జాడీలమ్మా, రాతిచేపలు రెండు జాడీలు పట్టుకురా. దక్షిణపు ఏటివి ఒకటి, పడమటి వాగువి ఒకటి. మంచివి చూడు. మూతులు విరిగినవి తేకు."

"ఎప్పుడిచ్చాను సార్ మీకు విరిగినవి."

"ఇవ్వలేదులే. ఇవాళ వాటికి ఫొటో తీస్తున్నాం, అందుకని."

రాతిచేప అంటే ఎంతో కాదు, చిటికెన వేలంత. పొట్ట కింద రెక్కలు విసనకర్రలా పరిచి రాయిని కరుచుకుని ఉంటుంది. ఎంత ఉరవడిలోనైనా కొట్టుకుపోదు. ఆమె రెండు జాడీలూ తుడిచి, చీటీలు చూసుకుంది. దక్షిణపు ఏటి చీటీ మీద ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి తారీఖు ఉంది. పడమటి వాగుది పద్దెనిమిదేళ్ళ కిందటిది. ఆ వాగు నుంచి వచ్చిన మొట్టమొదటి జాడీ అదే. అంతకుముందు అక్కడ చేపలు పట్టినవాళ్ళు లేరు.

మీటింగు గదిలో గోడ మీద ఒక బొమ్మ వేసి ఉంది. పక్కకి పడుకోబెట్టిన చెట్టులాగా, కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు. దాని పక్కన చిన్నమేడం నిలబడి ఉంది. పోయినేడే వచ్చిన పిల్ల, ముప్పై దాటి ఉండవు. చేప తోకలోంచి చిటికెడు ముక్క తీసుకుని దాని జన్యువుల్లోని రాత చదువుతుంది. ఏ చేప దేనికి దాయాదో, ఎప్పుడు వేరుపడ్డాయో ఆ రాతే చెబుతుందట.

"చూడు జాడీలమ్మా," అన్నారు పెద్దసారు. వినడానికి ఇంకెవరూ దొరకలేదు కాబోలు, ఆమెకే చెప్పడం మొదలుపెట్టారు. "ఈ చేపకి ఉప్పునీళ్ళు తగిలితే చస్తుంది. సముద్రం ఈది రాలేదు. పూర్వం సముద్రం వెనక్కి పోయినప్పుడు అవతలి పెద్ద నేల మీది నదులు ఇక్కడిదాకా పారాయి. వాటి వెంట వచ్చింది. బాగానే ఉంది. కానీ మధ్యలో అంత కొండ ఉంటే, దానికి ఇటూ ఉంది, అటూ ఉంది. ఎట్లా ఉంది?"

"ఎట్లా సార్?"

"ఒకప్పుడు ఆ ఏరూ ఈ వాగూ ఒక్కటే. తర్వాత కొండ లేచి రెండు చేసింది. ముప్పై ఏళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నా. విన్నవాడు లేడు. వాగులో చేప దొరికాక కూడా, అది వేరే జాతి అయ్యుంటుంది, చూడ్డానికే అలా ఉంటుంది అన్నారు. ఇవాళ చేపే చెప్పింది. రెండింటి రాతా ఒకటే. ఒకే కొమ్మ."

"ఇది చిన్న ముక్క చదివితే తేలింది సార్," అంది చిన్నమేడం. "పొడుగు రాత మిషన్ మీద ఉంది. శుక్రవారం పొద్దునకి వస్తుంది."

"వస్తుందిలే. అదీ ఇదే చెప్తుంది. శుక్రవారం మూడు గంటలకి బయటినుంచి ముగ్గురు పెద్దవాళ్ళు వస్తున్నారు. నా మాట కొట్టిపారేసింది వాళ్ళే. ముందు వరసలో కూర్చోబెట్టి వినిపిస్తా."

జాడీలమ్మకి చేతిలో జాడీ ఉందని గుర్తొచ్చి మెల్లిగా బల్ల మీద పెట్టింది. తేలు కుట్టిన దొంగ అరవలేడు, ఆమె పరిస్థితీ అంతే. పడమటి వాగులోకి రాతిచేపల్ని తెచ్చింది కొండ కాదు, తను. ఇరవై రెండేళ్ళ కిందట, మూతున్న బకెట్టులో, బస్సెక్కించి తీసుకెళ్ళి పోసింది. ఈ సంగతి భూమ్మీద ఇంకో ప్రాణికి తెలియదు.

"ఏం, బాగాలేదా?" అన్నారు పెద్దసారు.

"బాగుంది సార్," అంది. వచ్చి మళ్ళీ నాలుగో అల్మారా దగ్గర నిలబడింది. ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయి, చూసిన జాడీలే రెండోసారి చూసింది.

సాయంత్రం గదికి వచ్చి స్టవ్ వెలిగించేసరికి అక్క ఫోను చేసింది. అక్క ఫోను అంటే పలకరింపు కాదు, పంచాయితీ.

"ఇంకెన్నాళ్ళే అక్కడ? మూడు నెలల్లో వాళ్ళే ఇంటికి పొమ్మంటారు. ఇక్కడికి వచ్చెయ్. ముందుగది ఖాళీగానే పడి ఉంది."

"చూద్దాంలే అక్కా."

"చూసేదేముంది? అక్కడ నీకు ఎవరున్నారని? మొగుడా, పిల్లలా? ఆ చచ్చిన చేపలా?"

"అన్నీ చచ్చినవి కాదులే."

"ఆఁ?"

"ఏం లేదు. బావ మోకాలు ఎట్లా ఉంది?"

బావ మోకాలి గురించి అక్క పావుగంట చెప్పింది. జాడీలమ్మ ఊఁ కొడుతూ, ఒక ప్లేటూ ఒక గ్లాసూ కడిగి బోర్లించింది. ఆ గదిలో ఏదైనా ఒకటే. కుర్చీ ఒకటి, దిండు ఒకటి, తువ్వాలు ఒకటి. ఎవరైనా వస్తే నిలబడాలి. ఎవరూ రారు కనక ఇబ్బంది లేదు.

ఎవరున్నారని అంటే ఆమెకి జవాబు లేకపోలేదు. చెప్పుకునేది కాదు, అంతే. ఏటా వానలు తగ్గాక ఒక ఆదివారం పడమటి బస్సెక్కి ఆ వాగుకి పోతుంది. చెప్పులు విడిచి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. ఒక రాయి మెల్లిగా ఎత్తి చూస్తుంది. రాయి కింద నలుగురైదుగురు ఉంటారు, పెద్దవాళ్ళు, గోరంత పిల్లలు. అవి తను తెచ్చిన చేపల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఇరవై రెండేళ్ళంటే ఎన్ని తరాలో. రాయి యథాప్రకారం పెట్టేసి, తిరుగు బస్సుకి వచ్చేస్తుంది. ఆ ఒక్కరోజు ఆమెకి ఏడాదికి సరిపోతుంది. అక్కకి మనవలున్నారు, వాళ్ళ ఫొటోలు నెలకి పది పంపుతుంది. జాడీలమ్మ చూసి బాగున్నారని రాస్తుంది. అసూయ లేదు, తనకీ ఉన్నారు కదా.

మంగళవారమంతా ఆలోచిస్తూనే గడిపింది. చెప్పకపోతే, పెద్దసారు నలుగురిలో నిలబడి తన బకెట్టుని కొండ చేసిన పని అని చెబుతారు. ఆ మాట పుస్తకాలకెక్కుతుంది. చెబితే ఆయన ముప్పై ఏళ్ళు గంగపాలు. తన ఇరవై ఆరేళ్ళు కూడా. ఒక్క చీటీ కూడా తప్పు రాయలేదని పేరున్న మనిషి వాగుకే తప్పు చీటీ పెట్టిందని తెలిస్తే ఇంకేం మిగులుతుంది? ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. పోనీ, మూడు నెలలు కళ్ళు మూసుకుంటే అయిపోతుంది అనుకుంది. అనుకున్న ప్రతిసారీ ముందు వరసలో కూర్చోబోయే ముగ్గురూ కళ్ళ ముందుకి వచ్చారు. రేపో మాపో ఎవరో ఒకరు తవ్వుతారు. అప్పుడు నవ్వులపాలయ్యేది సారు.

బుధవారం చిన్నమేడంతో కలిసి పడమటి వాగుకే పోవాల్సి వచ్చింది. నలభై చేపల ముక్కలు అప్పటికే మిషన్ మీద ఉన్నాయి. ఇంకో ఇరవై ఉంటే లెక్క గట్టిగా ఉంటుందట.

ఆఫీసు జీపు వంతెన దగ్గర దింపి పోయింది. చిన్నమేడం మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుంది, అయినా నాచు మీద రెండుసార్లు జారింది. జాడీలమ్మ చీర ఎగదోపి, ఉత్తకాళ్ళతో ముందు నడిచింది.

"అక్కడ వద్దు మేడం, లోతు. ఈ బండ దాటాక వల పెట్టండి. నేను పైనుంచి వస్తాను."

చిన్నమేడం కింద వల నిలబెట్టి పట్టుకుంది. జాడీలమ్మ పైన నిలబడి, ఒక్కో రాయి ఎత్తుతూ, పాదంతో అడుగు కదుపుతూ వచ్చింది. రాయి కింది చేపలు ఉరవడితో పాటు వచ్చి వలలో పడ్డాయి. వాటిని లవంగనూనె రెండు చుక్కలు వేసిన నీళ్ళలోకి వదిలారు. కాసేపటికి మత్తెక్కి పక్కకి వాలాయి. చిన్నమేడం ఒక్కోదాన్ని తడిచేత్తో తీసి, తోక అంచు నుంచి బియ్యపుగింజంత ముక్క కత్తిరించి సీసాలో వేసింది. ప్రతి చేపకీ మధ్యలో కత్తెర తుడిచి, మంటలో పెట్టి తీసింది. జాడీలమ్మ చీటీలు పెన్సిలుతో రాసింది. పెన్నుతో రాస్తే స్పిరిట్‌లో కరిగిపోతుంది. పెన్సిలు రాత మనిషికన్నా ఎక్కువకాలం ఉంటుంది.

తోక తెగిన చేపల్ని మంచినీళ్ళ బకెట్టులో వేస్తే మత్తు దిగి కదిలాయి. వాటిని తిరిగి వాగులో వదిలేది జాడీలమ్మే. వంగి, బకెట్టు అంచు నీళ్ళలో ఆనించి, కుమ్మరించకుండా వాలుగా పట్టింది. ఒక్కొక్కటే తనంతట తాను బయటికి పోయింది.

"ఎంత జాగ్రత్తగా వదులుతారో," అంది చిన్నమేడం. "నేనైతే బోర్లించేసేదాన్ని."

"బోర్లిస్తే బెదిరిపోతాయి మేడం."

"ఇందాక ఆ బండ సంగతి ఎట్లా తెలుసు? పోయినేడు మేం ఇక్కడ సగం రోజు వెతుక్కున్నాం."

"ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం."

"ఆ ఇరవై ఆరేళ్ళలో మీరు ఫీల్డుకి వచ్చింది ఆరుసార్లే అని సారు చెప్పారు."

జాడీలమ్మ బకెట్టు కడిగింది. కడిగిందే మళ్ళీ కడిగింది. చెప్పాల్సింది ఈ పిల్లకి కాదు. ఈమెకి చెబితే ఈమె పోయి సారుకి చెప్పాలి. తన పాపం ఇంకొకరి నెత్తిన పెట్టడమెందుకు?

"మేడం, ఆ పొడుగు రాత వస్తే ఇంకా ఏం తెలుస్తుంది?"

"చాలా తెలుస్తుంది. ఎప్పుడు వేరుపడ్డాయి, ఎన్ని రకాలున్నాయి, ఎవరు ఎవరి పిల్లలు, అన్నీ."

"ఎవరు ఎవరి పిల్లలో కూడానా?"

"ఆఁ. చేప అబద్ధం చెప్పదుగా."

చేప చెప్పదు, మనిషే చెబుతుంది. జీపులో తిరిగి వస్తున్నంతసేపూ ఆమె సీసాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

గురువారం పదకొండు గంటలకి పెద్దసారు గది తలుపు కొట్టింది. ఆయన శుక్రవారం చెప్పబోయేది కాగితం మీద దిద్దుకుంటున్నారు. చిన్నమేడం పక్కన నిలబడి బొమ్మలు చూపిస్తోంది. జాడీలమ్మ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు కూడా.

"సార్, పడమటి వాగులో ఉన్నవి కొండ వదిలినవి కాదు. నేను వదిలినవి."

"ఏమిటీ?" అన్నారాయన, తల ఎత్తకుండానే.

"ఇరవై రెండేళ్ళ కిందట వెనకగదిలో గాజుతొట్లు ఉండేవి. దక్షిణపు ఏటి రాతిచేపల్ని తెచ్చి పెంచారు. నాలుగు నెలలు నేనే చూసుకున్నాను. తర్వాత గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. చేపల్ని ఫార్మలిన్‌లో వేసెయ్యమని మీరే చెప్పారు."

పెద్దసారు పెన్ను కింద పెట్టారు. "తెగులొచ్చి చచ్చిపోయాయన్నావు. పారేశానన్నావు."

"అన్నాను."

"అబద్ధమా?"

"అబద్ధమే సార్. చేతులు రాలేదు. రోజూ నాచుపట్టిన రాళ్ళు మార్చేదాన్ని. గాజు మీద వేలు పెడితే వేలి వెనకాలే వచ్చేవి. దక్షిణపు ఏటికి బస్సు లేదు. పడమటికి ఉంది. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాను. ఇరవై ఎనిమిది చేపల్ని బకెట్టులో తీసుకెళ్ళాను."

అది ఆమె మొగుడు ఇంకోచోట కాపురం పెట్టుకుని పెట్టె సర్దుకుపోయిన ఏడాది. ఆ మాట ఆమె చెప్పలేదు. చెబితే జాలిపడతారు, ఆ జాలి ఆమెకి అక్కర్లేదు.

పెద్దసారు పెన్ను తీసి మూత పెట్టారు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి.

"నీళ్ళు నీళ్ళేనా జాడీలమ్మా," అన్నారు చివరికి. "ఈ గదిలో ఉండి నువ్వనాల్సిన మాటేనా అది? పద్దెనిమిదేళ్ళ కిందట ఆ వాగులో మొదటి చేప దొరికిననాడు నేను ఈ వరండాలో గంతులేశాను. నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను సార్. నేనూ సంతోషపడ్డాను."

"నువ్వెందుకు?"

"బతికాయని."

ఆయన ఆమె వైపు చూశారు. కోపంగా కాదు, అర్థం కానట్టు. తర్వాత ముందున్న కాగితాలన్నీ ఒకటి చేసి, బల్ల అంచు మీద కొట్టి సరిచేసి, సొరుగులో పెట్టేశారు.

"వాళ్ళ ముగ్గురికీ ఫోన్ చెయ్యాలి. రావద్దని చెప్పాలి."

"రేపు పొద్దునదాకా ఆగండి సార్," అంది చిన్నమేడం. ఇంతసేపూ ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. "జాడీలమ్మగారూ, ఏ నెలలో వదిలారు? దక్షిణపు ఏటిలో ఎక్కడ పట్టినవో గుర్తుందా? వదిలింది ఆ బండ దగ్గరేనా?"

జాడీలమ్మ అన్నీ చెప్పింది. గుర్తుకి తెచ్చుకోవాల్సిన పనిలేదు, నోటికే ఉన్నాయి. తలుపు మూసి బయటికి వచ్చాక వరండా గట్టు మీద కూర్చుంది. ఇరవై రెండేళ్ళ బరువు దిగిందని ఊపిరి తీసుకుంది, ఆ బరువు ఎవరి మీద పడిందో తలుచుకుని కళ్ళు తుడుచుకుంది.

శుక్రవారం ఆమె మామూలుకన్నా గంట ముందే వచ్చింది. చిన్నమేడం ఆమెకన్నా ముందే వచ్చి కంప్యూటరు ముందు ఉంది. తలుపు చప్పుడు విని వెనక్కి తిరిగింది. మొహమంతా నవ్వు.

"రండి రండి. కుర్చీ లాక్కోండి. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. అంటే, చేశారనుకోండి. కానీ ఏం కాలేదు."

"ఏమిటి మేడం?"

"చెప్తాను. ఒక పుస్తకం ఉందనుకోండి. దాన్ని చేత్తో ఎత్తిరాసుకున్నారు. దాన్ని చూసి వాళ్ళ పిల్లలు, వాళ్ళని చూసి వాళ్ళ పిల్లలు. ఎత్తిరాసినప్పుడల్లా ఒకటో అరో తప్పు పడుతుంది. ఇంకో ఊళ్ళో అదే పుస్తకాన్ని ఇంకొకళ్ళు ఎత్తిరాసుకుంటున్నారు. ఎంతకాలమైతే రెండింటికీ అంత తేడా. అంతేనా?"

"అంతే."

"మేం ముందు చదివింది చిన్న ముక్క. ఊరికే మారని ముక్క. అందులో రెండూ ఒకటే కనిపించాయి. ఇప్పుడు మొత్తం చదివాం. దక్షిణపు ఏటి చేపకీ పడమటి వాగు చేపకీ నూట అరవై చోట్ల తేడా ఉంది. ఇరవై రెండేళ్ళలో అన్ని తప్పులు పడవు. లక్షల ఏళ్ళు పడుతుంది. పైగా వాగు చేపల్లోనే బోలెడు రకాలున్నాయి. ఇరవై ఎనిమిది చేపల పిల్లలైతే అన్ని రకాలు రావు. అవి మీరు పొయ్యకముందే అక్కడున్నాయి. ఎవరూ వెతకలేదు, అంతే. సారు చెప్పిందే నిజం. ఒకటిగా ఉన్న ఏరు ఎప్పుడో రెండైంది."

జాడీలమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక, అమ్మయ్య అని ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. సారు పరువు నిలబడింది. తన చీటీల పేరు నిలబడింది. చిన్నమేడం ఆమె భుజం తట్టి, సారుకి ఫోన్ చెయ్యడానికి లేచింది.

"మేడం."

"ఊఁ?"

"మరి నావి?"

చిన్నమేడం ఫోను పట్టుకుని నిలబడిపోయింది.

"నేను పోసినవి. వాటి పిల్లలు. అవి ఎన్ని ఉన్నాయి వీటిలో?"

"నలభై చేపలు చూశాం," అంది చిన్నమేడం, నవ్వు తగ్గించి. "నలభైకి నలభై వాగువే."

"ఒక్కటి కూడా లేదా?"

"లేదు. ఆ నీళ్ళు పడలేదేమో. ముందునుంచీ ఉన్నవి వాటికి చోటిచ్చి ఉండవు."

"మొన్న మనం తెచ్చినవి ఇరవై ఇంకా చదవలేదుగా."

"చదువుతాను. బుధవారానికి చెప్తాను. కానీ మీరు..." అని ఆగి, "చదువుతాను," అంది మళ్ళీ.

మూడు గంటలకి ముగ్గురు పెద్దవాళ్ళూ వచ్చారు. పెద్దసారు గంట మాట్లాడారు. ఎన్నడూ అంత బాగా మాట్లాడలేదట. జాడీలమ్మ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఆఖర్లో ఆయన బకెట్టు కథ కూడా చెప్పారు. చెప్పకుండా ఎట్లా ఉంటారు, అంత మంచి కథ.

"కొండ చెయ్యాల్సిన పని మా జాడీలమ్మ బకెట్టుతో చెయ్యబోయింది. కానీ చేపలే తెలివైనవి. అవి గనక బతికి ఉంటే వాగు జాతి కల్తీ అయ్యేది, మనకి ఈ లెక్క తేలేదే కాదు. చచ్చి మంచిపని చేశాయి."

అందరూ నవ్వారు. ముందు వరసలో ముసలాయన వెనక్కి తిరిగి ఆమెకి దండం పెట్టినట్టు చెయ్యెత్తాడు. పెద్దసారు మొహంలో ఆమె మీద ఇంత కోపం కూడా లేదు. క్షమించేశారు, అంతకన్నా ఏం కావాలి? జాడీలమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదు కదా.

ఆ ఆదివారం ఎటూ పోలేదు. వానలు తగ్గాయి, ఏటా పోయే రోజులే. బస్సు వేళకి చెప్పులేసుకుని గుమ్మందాకా వచ్చి మళ్ళీ విప్పేసింది. పోయి ఏ మొహంతో రాయి ఎత్తుతుంది? ఇరవై రెండేళ్ళు పరాయివాళ్ళింటి కిటికీలోంచి తొంగిచూస్తూ మావాళ్ళు, మావాళ్ళు అనుకున్నట్టయింది. తనవి ఆ నీళ్ళలో ఎన్నాళ్ళు బతికాయో. ఒక వానాకాలమా, ఒక వారమా. తను మొదటి ఏడాది కాళ్ళు పెట్టుకుని కూర్చున్ననాటికే ఏమీ లేవేమో. ఫార్మలిన్‌లో వేసి ఉంటే జాడీలోనైనా ఉండేవి, సోమవారం సోమవారం చూసుకునేది. ఆ ఆలోచన వచ్చాక మాత్రం ఏడుపు ఆగలేదు. మధ్యలో అక్క ఫోను మోగింది. తీయలేదు.

బుధవారం మధ్యాహ్నం చిన్నమేడం తనే జాడీల గదికి వచ్చింది. చేతిలో ఒక కాగితం ఉంది. జాడీలమ్మ స్టూలు దిగింది. అడగలేదు. ఆ పిల్ల మొహం చూస్తే అడగాల్సిన పని లేకపోయింది.

"ఇరవైకి ఇరవై," అంది చిన్నమేడం. "వాగువే."

"సరేలెండి."

"వ్యాసం రాస్తున్నాం. అందులో మీ సంగతి ఒక వాక్యం ఉండాలి. రేపు ఎవరైనా ఆ వాగులో వెతికితే తెలియాలి కదా, ఫలానా ఏడు బయటి చేపల్ని వదిలారని. మీకు అభ్యంతరం లేకపోతేనే. పేరు పెట్టలేదు, పెట్టమంటే పెడతాను."

"ఏం రాశారో చదవండి."

చిన్నమేడం గొంతు సవరించుకుంది. "ఇరవై రెండు సంవత్సరాల క్రితం ఈ వాగులో దక్షిణపు ఏటికి చెందిన ఇరవై ఎనిమిది చేపలను ఒక ఉద్యోగిని వదిలారు. పరీక్షించిన అరవై చేపలలో వాటి సంతతి ఏదీ కనిపించలేదు."

చిన్నమేడం కాగితం మడవబోయింది.

"ఇంకోసారి చదవండి," అంది జాడీలమ్మ.

చిన్నమేడం మళ్ళీ చదివింది. ఈసారి రెండో వాక్యం గబగబా చదివేసింది. జాడీలమ్మ రెండు చేతులూ గుడ్డతో తుడుచుకుని, దగ్గరికి వచ్చి, కాగితం మీద ఆ అంకె ఎక్కడుందో వెతికి వేలు పెట్టింది.

"ఇరవై ఎనిమిది కాదు మేడం. నేను తీసుకెళ్ళింది ఇరవై ఎనిమిది. బస్సులో కుదుపులకి ఒకటి పోయింది. దాన్ని ఒడ్డున గుంట తీసి పెట్టాను. వాగులో వదిలింది ఇరవై ఏడే."

చిన్నమేడం జేబులో పెన్ను కోసం తడుముకుంది. జాడీలమ్మ తన చెవి వెనక ఉన్న పెన్సిలు తీసి ఇచ్చింది. ఆమె ఎనిమిది కొట్టేసి ఏడు వేసేదాకా పక్కనే నిలబడి చూసింది.